సందేహం వస్తే విశ్వాసం పోయినట్టేనా?

బైబిల్ చదువుతుంటే సందేహాలు వస్తున్నాయని, చర్చిలో అడగాలంటే టెన్షన్‌గా ఉందని, విశ్వాసం పోతోందేమోనని భయంగా ఉందని అడిగారు. పోవడం లేదండీ.

యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన తోమానే తీసుకోండి. అతనికి అనుమానపు మనిషని ముద్ర వేసేశాం. అది అన్యాయమనే నేనంటాను. యోహాను సువార్త 20వ అధ్యాయం నిదానంగా చదవండి. సిలువ మీద చనిపోయి తిరిగి లేచాక యేసు మొదటిసారి శిష్యుల మధ్యకు వచ్చినప్పుడు, వాళ్లకు గాయాలున్న తన చేతులు, ప్రక్క చూపించాడు. అప్పుడు తోమా అక్కడ లేడు. వాళ్లు చూసిందే తనూ చూడాలన్నాడు, ఆ గాయాలను తాకితేనే నమ్ముతానన్నాడు. ఎనిమిది రోజుల తర్వాత కూడా అతను వాళ్ల మధ్యే ఉన్నాడు, ఎవరూ బయటికి పంపలేదు. యేసు వచ్చి, నీ వేలు ఇటు చాచి నా చేతులు చూడు అన్నాడు. చూడకుండా నమ్మినవాళ్లు ధన్యులని కూడా చెప్పాడు, నిజమే. కానీ చూపించిన తర్వాతే చెప్పాడు. తోమా తాకాడని అక్కడ రాసి లేదు. ‘నా ప్రభువా, నా దేవా’ అన్నాడు. ఆ సువార్తలో యేసును అలా పిలిచిన శిష్యుడు అతనొక్కడే.

అంతకుముందు 14వ అధ్యాయంలో, మార్గం మాకెలా తెలుస్తుందని అడిగిందీ ఇతనే. ‘నేనే మార్గమును, సత్యమును, జీవమును’ అన్న మాట ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చింది. యేసుకు బాప్తిస్మమిచ్చిన బాప్తిస్మమిచ్చు యోహాను కూడా చెరసాల నుంచి తన శిష్యులను పంపి, రాబోయేవాడివి నువ్వేనా అని యేసును అడిగించాడు.

సందేహం వచ్చిన వచనం నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టర్‌గారి చుట్టూ జనం తగ్గేదాకా ఆగి, ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి.