కంప్రెసర్ ప్యానెల్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీల నుంచే. ఒకే ఇబ్బంది గురించి ఇద్దరు ముగ్గురు రాసిన చోట కలిపి జవాబిచ్చాం.

ప్రశ్న: మాది అమ్మోనియా ఐసు ఫ్యాక్టరీ. రెసిప్రోకేటింగ్ కంప్రెసర్, 75 హెచ్.పి. మోటారు, బెల్టు డ్రైవు. పాత స్టార్టరు ఉప్పుగాలికి తుప్పు పట్టి పాడైంది. కొత్త స్టార్-డెల్టా ప్యానెల్ (మోటారును ముందు తక్కువ కరెంటుతో స్టార్‌లో తిప్పి, తర్వాత పూర్తి బలంతో డెల్టాకు మార్చే స్టార్టరు పెట్టె) చేయిస్తున్నాం. ఎక్కడ బిగించాలి? కరెంటు ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి?
– ఐసు ఫ్యాక్టరీ యజమాని, కావలి

జవాబు: ముందు చోటు సంగతి. కంప్రెసర్ పక్కనే ఉంటే ఆపరేటరుకు సౌకర్యమని చాలామంది మిషన్ రూములోనే ప్యానెల్ పెట్టేస్తారు. అది వద్దు. తేమతో కలిసిన అమ్మోనియా రాగినీ ఇత్తడినీ తింటుంది. కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపి, తీసే స్విచ్) టెర్మినళ్ళ మీద నీలం, ఆకుపచ్చ పొర కనిపించిందంటే పని మొదలైందన్నమాటే. మీ దగ్గర దీనికి ఉప్పుగాలి కూడా తోడు. మిషన్ రూముకు ఆనుకుని విడిగా చిన్న గది కట్టి, మధ్య గోడకు తెరుచుకోని అద్దం పెట్టించండి. గేజీలు కనపడతాయి, గ్యాసు రాదు. అమ్మోనియా గాలి కన్నా తేలిక, కాబట్టి ఆ గోడలో కేబుళ్ళూ పైపులూ దూరే కంతల్ని, ముఖ్యంగా పైవైపువి, పూర్తిగా మూయించాలి.

ప్యానెల్ పెట్టె దుమ్ము, నీళ్ళు చొరకుండా ఆపే ఐ.పి. 55 రేటింగుకు తగ్గకూడదు. వెనకా పక్కనా గాలి చిల్లులున్న పెట్టె చౌకగా వస్తుంది కానీ ఈ తీరంలో పనికిరాదు. కేబుళ్ళన్నీ కింది నుంచే గ్లాండ్ల ద్వారా రావాలి. వాడని కంతలకు బిరడాలు వేయించండి, లేదంటే బల్లులు దూరతాయి. బల్లి బస్‌బార్ల మధ్య పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. లోపల 40–60 వాట్ల స్పేస్ హీటరు పెట్టించి, కంప్రెసర్ ఆగి ఉన్నప్పుడు కూడా అది వెలిగేలా విడిగా సప్లై ఇప్పించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో ప్యానెల్ లోపల నీటి చెమట పట్టేది మిషన్ ఆగిన రాత్రుల్లోనే. పెట్టెను నేల మీద కాకుండా కనీసం ఒక అడుగు ఎత్తు దిమ్మె మీద నిలపాలి.

స్టార్-డెల్టాకు మోటారు దాకా ఆరు తీగలు కావాలి. మూడు కోర్ల 35 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ రెండు వరసలు వేస్తే మామూలుగా సరిపోతుంది. దూరం 50 మీటర్లు దాటితే వోల్టేజి ఎంత పడిపోతుందో లెక్క కట్టించండి. అల్యూమినియం తీగ రాగి టెర్మినల్‌ను నేరుగా తాకితే ఉప్పుగాలిలో కొద్ది నెలలకే ఆ అతుకు వేడెక్కడం మొదలవుతుంది. అందుకని బైమెటల్ లగ్గులు (ఒక వైపు అల్యూమినియం, ఇంకోవైపు రాగి ఉన్న తీగ కొసలు) వాడి, జాయింటింగ్ కాంపౌండు పూసి, హైడ్రాలిక్ క్రింపింగుతో బిగించాలి. సుత్తితో కొట్టిన లగ్గును ఒప్పుకోవద్దు. మోటారు బాడీకి రెండు, ప్యానెల్‌కు రెండు ఎర్తులు విడివిడిగా వేయించండి.

కంట్రోల్ వైరింగులో గట్టిగా పట్టుబట్టాల్సింది ఒక్కటుంది. ఎమర్జెన్సీ స్టాప్, హెచ్.పి. కటౌట్ (ఒత్తిడి మరీ పెరిగితే ఆపేది; ఇక్కడ హెచ్.పి. అంటే హై ప్రెషర్, హార్స్‌పవర్ కాదు), ఎల్.పి. కటౌట్ (ఒత్తిడి మరీ తగ్గితే ఆపేది), ఆయిల్ కటౌట్ (ఆయిల్ ఒత్తిడి చాలకపోతే ఆపేది), అక్యుములేటర్‌లో ద్రవం మట్టం పెరిగితే పనిచేసే ఫ్లోట్ స్విచ్, డిశ్చార్జి (గ్యాసు బయటికి వచ్చే వైపు) ఉష్ణోగ్రత స్విచ్, ఓవర్‌లోడ్ రిలే (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది), సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆపేది) – ఇవన్నీ ఒకే గొలుసుగా కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్ళే తీగలోనే ఉండాలి. అంతా బాగున్నప్పుడు మూసుకుని ఉండే కాంటాక్టులనే వాడాలి. తీగ తెగినా, టెర్మినల్ ఊడినా కంప్రెసర్ ఆగిపోవాలి. ప్రతిదానికీ ఒక రిలే, ఒక దీపం పెట్టిస్తే ఏది పడిందో తెలుస్తుంది. లేకపోతే అర్ధరాత్రి ఆపరేటరు ఊహ మీద పని చేయాల్సి వస్తుంది. కండెన్సర్ నీటి పంపు నడవకపోతే కంప్రెసర్ స్టార్ట్ కాకూడదు. కంప్రెసర్ ఆగితే లిక్విడ్ లైన్ సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వు) మూసుకోవాలి. ఈ రెండు ఇంటర్‌లాకులూ మరిచిపోవద్దు. అమ్మోనియా సెన్సరును కప్పు దగ్గర పెట్టి, 25 పి.పి.ఎం. దగ్గర అలారం మోగి ఎగ్జాస్టు ఫ్యాను తిరిగేలా చేయించండి. ఎమర్జెన్సీ స్టాప్, ఫ్యాను స్విచ్ – రెండూ మిషన్ రూము తలుపు బయట ఉండాలి. గ్యాసు లీకైతే లోపలికెళ్ళి నొక్కేవాడెవడు?

కరెంటు ఇచ్చే ముందు మోటారునూ కేబుళ్ళనూ 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూడండి. ఒక మెగాఓమ్‌కు తగ్గితే నడపొద్దు. మెగ్గరు తిప్పేటప్పుడు ఎలక్ట్రానిక్ రిలేలు, టైమర్లు విప్పేసి ఉండాలి. తర్వాత మోటారు కేబుళ్ళు కలపకుండా కంట్రోల్ సప్లై మాత్రమే ఇచ్చి, కటౌట్లు ఒక్కోటిగా విడిపించి కాంటాక్టరు పడుతోందో లేదో చూడాలి. మోటారు ఏ వైపు తిరుగుతోందో బెల్టులు తీసేసి చూసుకోవాలి.

గ్యాసుతో నడిచాక ఎల్.పి. కటౌట్‌ను పరీక్షించాలంటే సక్షన్ వాల్వును (కంప్రెసర్ గ్యాసును లాక్కునే వైపుది) మెల్లగా మూస్తూ రండి, పెట్టిన ఒత్తిడి దగ్గర ఆగాలి. హెచ్.పి. కటౌట్‌ను మాత్రం డిశ్చార్జి వాల్వు మూసి పరీక్షించొద్దు. క్షణాల్లో సిలిండరు హెడ్డు మీదికి వస్తుంది. కటౌట్ సెట్టింగును కాసేపు నడుస్తున్న ఒత్తిడి కన్నా కిందికి దించండి. ట్రిప్ అయితే స్విచ్ బాగున్నట్టు, మళ్ళీ అసలు సెట్టింగుకు తెచ్చి సీలు వేయండి.

డాన్‌ఫోస్ కె.పి. రకం స్విచ్‌లు వాడేవాళ్ళు ఎక్కువగా తికమకపడేది స్కేలు దగ్గర. ఎల్.పి. స్విచ్ పెద్ద స్కేలు మీద కనిపించేది ఆన్ అయ్యే ఒత్తిడి. అందులోంచి డిఫరెన్షియల్ (ఆన్ అయ్యే, ఆగే ఒత్తిళ్ళ మధ్య పెట్టిన తేడా) తీసేస్తే ఆగే ఒత్తిడి వస్తుంది. హెచ్.పి. స్విచ్ మీద కనిపించేది ఆగే ఒత్తిడే. గ్యాసు అమ్మోనియా కాబట్టి పేరు చివర 'ఎ' ఉన్న రకమే కొనాలి. ఫ్రియాన్ స్విచ్ తగిలిస్తే లోపలి రాగి భాగాలు మిగలవు.

ప్రశ్న: మోటారు నేమ్ ప్లేటు మీద 96 ఆంపియర్లు ఉంది. ఓవర్‌లోడ్ రిలేను సరిగ్గా 96 దగ్గరే పెట్టాం. అయినా రిలే పడకుండానే మోటారు కాలిపోయింది. రిలే నాసిరకమా?
– మిర్చి కోల్డ్ స్టోరేజి సూపర్‌వైజరు, ఒంగోలు

జవాబు: రిలే మంచిదే అయి ఉండొచ్చు. స్టార్-డెల్టా ప్యానెళ్ళలో రిలే సాధారణంగా మెయిన్ కాంటాక్టర్ కింద ఉంటుంది. డెల్టాలో నడిచేటప్పుడు అక్కడ పారేది లైన్ కరెంటులో 58 శాతమే. మీ మోటారుకు రిలేను 56 ఆంపియర్ల దగ్గర పెట్టాలి. 96 దగ్గర పెడితే లైన్‌లో సుమారు 165 ఆంపియర్లు పారే దాకా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. రిలే ఇన్‌కమర్ వైపు, అంటే రెండు కాంటాక్టర్లకు చీలకముందే ఉంటే మాత్రం 96 సరైనదే. తలుపు తీసి తీగల వెంట చూస్తే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

కొత్త మోటారు ఎక్కించే ముందు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కూడా చూడండి. చాలా చోట్ల అది పెట్టెలో ఉంటుంది, తీగలు మాత్రం దాన్ని తప్పించి నేరుగా కలిపేసి ఉంటాయి. స్టార్ టైమరు 8–10 సెకన్లు. ఆ సమయంలో అమ్మీటరు ముల్లు బాగా కిందికి దిగాకే డెల్టాకు మారాలి. దిగకపోతే టైమరు పెంచడం మందు కాదు. స్టార్‌లో మోటారు బలం మూడో వంతే, కాబట్టి కంప్రెసర్ అన్‌లోడ్ కాకుండా, అంటే సిలిండర్ల మీద భారం తీయకుండా, స్టార్ట్ అవుతోందేమో చూడాలి.

ప్రశ్న: మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా హెచ్.పి. కటౌట్ పడుతూనే ఉంది. కటౌట్ 16 బార్ దగ్గర ఉంది, 18కి పెంచితే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. పెంచొచ్చా? ప్లేట్ ఫ్రీజర్లున్న రొయ్యల ప్లాంటు మాది.
– ప్లాంటు ఇన్‌ఛార్జి, ముత్తుకూరు

జవాబు: పెంచొద్దు. సేఫ్టీ వాల్వు మీద రాసిన ఒత్తిడిలో 90 శాతం దాటి కటౌట్ పెట్టకూడదన్నది నియమం. అంతకన్నా ముఖ్యం, 16 బార్ ఎందుకు వస్తోందన్నది. అమ్మోనియా 35 డిగ్రీల దగ్గర కండెన్స్ అయితే గేజీ సుమారు 12.5 బార్ చూపాలి, 40 డిగ్రీల దగ్గర 14.5. నెల్లూరు ఎండలో కూడా బాగున్న ఎవాపరేటివ్ కండెన్సరు 40 చుట్టుపక్కలే ఉంటుంది. 16 అంటే ఎక్కడో ఏదో చెడినట్టే.

ప్లేట్ ఫ్రీజర్లున్నాయంటున్నారు కాబట్టి మా అనుమానం మొదట గాలి మీదికే పోతుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర అమ్మోనియా ఒత్తిడి బయటి వాతావరణం కన్నా తక్కువ, 0.7 బార్ చిల్లర మాత్రమే (ఇది గేజీ అంకె కాదు, అసలు ఒత్తిడి; బయటి వాతావరణం సుమారు 1 బార్). అక్కడ షాఫ్టు సీలులో, వాల్వు గ్లాండులో సన్నటి సందు ఉంటే గ్యాసు బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. వాసన రాదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఆ గాలి వెళ్ళి కండెన్సరులో కూర్చుంటుంది.

తెలుసుకునే పద్ధతి ఇదీ. ఉదయం పూట కంప్రెసర్ ఆపి, రిసీవర్ నుంచి వెళ్ళే లిక్విడ్ వాల్వు మూసి, కండెన్సర్ నీటిని అలాగే తిరగనివ్వండి. లోపలికి వెళ్ళే నీరూ బయటికి వచ్చే నీరూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి, పావుగంట పైనే పడుతుంది. నీరు 32 డిగ్రీలుంటే గేజీ 11.4 బార్ దగ్గర నిలవాలి. 13 దగ్గర నిలిచిందంటే మిగిలినదంతా గాలి వంతే. పర్జ్ చేసేటప్పుడు, అంటే ఆ గాలిని బయటికి వదిలేటప్పుడు, గొట్టం చివర నీళ్ళ బకెట్‌లో ముంచాలి. అమ్మోనియా నీళ్ళలో కరిగిపోతుంది, బుడగలుగా పైకొచ్చేది గాలి. బుడగలు ఆగితే వాల్వు మూసి, వెంటనే గొట్టం బయటికి తీయండి, నీరు వెనక్కి లాక్కునే వీలు ఇవ్వొద్దు. మాస్కు, చేతి తొడుగులు లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. లీకు దొరకనంతకాలం గాలి మళ్ళీ చేరుతూనే ఉంటుంది.

గాలి లేదని తేలితే అప్పుడు కండెన్సరు మీదికి ఎక్కండి. మీ వైపు బోరు నీళ్ళ ఉప్పుకు కాయిల్ మీద తెల్లటి పెంకు కడుతుంది. నాజిళ్ళు సగం పూడి ఉంటాయి, ఫ్యాను బెల్టు జారుతుంటుంది.

ప్రశ్న: స్టార్ట్ చేసిన సరిగ్గా నిమిషానికి ఆయిల్ కటౌట్ పడుతోంది. ఆయిల్ గేజీ 3 బార్ చూపిస్తోంది కదా, స్విచ్ చెడిపోయిందని తీగలు కలిపి నడుపుతున్నాం. ఫరవాలేదా?
– ఐసు ప్లాంటు ఆపరేటర్, సింగరాయకొండ

జవాబు: ఈ ఉత్తరం చదివేలోపే మిషన్ ఆపి, ఆ తీగ తీసేసి ఉంటే మంచిది. ఆయిల్ కటౌట్ చూసేది గేజీ మీది ఒత్తిడిని కాదు, ఆయిల్ ఒత్తిడికీ క్రాంక్‌కేసు ఒత్తిడికీ ఉన్న తేడాని. క్రాంక్‌కేసులో ఉండేది సక్షన్ ఒత్తిడే. అది 2.3 ఉంటే, మీ 3 బార్‌లో నిజంగా బేరింగులకు అందేది 0.7 మాత్రమే. ఎంత తేడా ఉండాలో కంప్రెసర్ తయారీదారు పుస్తకంలో ఉంటుంది, కటౌట్‌ను దాని ప్రకారమే పెట్టాలి. నిమిషం ఎందుకంటే, స్టార్ట్ అయ్యాక ఒత్తిడి పుంజుకోవడానికి స్విచ్ లోపలి టైమరు ఇచ్చే గడువు అది. ఆ గడువులో తేడా రాలేదు కాబట్టి అది తన పని తాను చేసింది.

సైట్ గ్లాసులో మట్టం చూడండి. ఆయిల్ నురగ కడుతూ, క్రాంక్‌కేసు బయట మంచు పడుతుంటే ద్రవ అమ్మోనియా వెనక్కి వస్తోంది. అలాగైతే తప్పు ఎక్స్‌పాన్షన్ వాల్వుదో ఫ్లోటుదో. నురగ లేకపోతే ఫిల్టరు విప్పండి. ఈ మధ్య మోటారు రిపేరు చేయించి ఉంటే తిరిగే వైపు చూడండి, కొన్ని ఆయిల్ పంపులు ఒక వైపు తిరిగితేనే లాగుతాయి. ఇవన్నీ బాగుంటేనే స్విచ్‌ను అనుమానించాలి, అదీ దాని రెండు సన్నగొట్టాలు తారుమారయ్యాయేమో చూసి. ట్రిప్ అయిన వెంటనే రీసెట్ పట్టదు, లోపలి హీటరు చల్లారడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. దాన్నే చాలామంది చెడిపోయిందనుకుంటారు.

ప్రశ్న: స్క్రూ కంప్రెసరుకు పి.ఎల్.సి. (కంప్యూటర్ కంట్రోలర్) ప్యానెల్ ఉంది. సక్షన్ ట్రాన్స్‌మిటరు (ఒత్తిడిని కరెంటు సంకేతంగా పంపేది) మార్చాక తెరమీది అంకె, గేజీ అంకె కలవడం లేదు.
– ఎలక్ట్రీషియన్, నెల్లూరు

జవాబు: కొత్తదాని రేంజి తెరమీద మార్చలేదు. మైనస్ 1 నుంచి 9 బార్ రేంజి ఉన్నదానిలో 4 మిల్లీఆంపియర్లంటే మైనస్ 1, 20 అంటే 9. మీటరును ఆ తీగకు వరసలో (సీరీస్‌లో) పెట్టినప్పుడు 8 మిల్లీఆంపియర్లు వస్తే 1.5 బార్, 12 వస్తే 4 బార్. ఈ లెక్క గేజీతో కలిసి తెరతో కలవకపోతే స్కేలింగ్ తప్పు. గేజీతో కూడా కలవకపోతే తీగనో ట్రాన్స్‌మిటరునో చూడాలి. షీల్డును ప్యానెల్ వైపు ఒక్క కొసనే ఎర్తు చేయండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్రెసర్లు వాటంతటవే స్టార్ట్ అయ్యేలా పెట్టుకోవచ్చా?
– కోల్డ్ స్టోరేజి మేనేజరు, మార్కాపురం

జవాబు: అమ్మోనియా రెసిప్రోకేటింగ్ మిషన్లకు వద్దు. ఆగి ఉన్నంతసేపు ద్రవం సక్షన్ లైనులో చేరి ఉండొచ్చు. మనిషి వచ్చి మట్టం, ఆయిల్, నీటి పంపు చూసి, అన్‌లోడ్ చేసి నొక్కాలి. రెండు మూడు మిషన్లుంటే మొదటిది డెల్టాలో కుదురుకున్నాకే రెండోది. వోల్టేజి అప్పటికి 390 కూడా లేకపోతే ఇంకాసేపు ఆగండి, గది తలుపులు మూసి ఉంటే మిర్చికి అరగంటలో ఏమీ కాదు.