టెక్ సందేహాలు: నాలుగున్నర వేల కేబుల్ పెడితే బొమ్మ బాగుపడుతుందా?

పండగ ఆఫర్లలో టీవీలు కొన్నవాళ్ల ప్రశ్నలు ఈసారి చాలా వచ్చాయి. చదువుతుంటే దాదాపు అందరి సందేహమూ కేబుళ్ల దగ్గరే ఆగింది. అందుకే ఈ వారం మిగతావి పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సంక్రాంతికి 55 అంగుళాల 4కే టీవీ కొన్నాం. బిల్లు కట్టాక షోరూమ్ అబ్బాయి 4,500 రూపాయల హెచ్‌డీఎంఐ కేబుల్ (బొమ్మనీ శబ్దాన్నీ ఒకే వైరులో మోసేది) చూపించి, "మామూలుది పెడితే కలర్స్ డల్‌గా వస్తాయి సార్, ఇంత మంచి టీవీ కొని ఏం లాభం?" అన్నాడు. బయట మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ 350కి దొరుకుతోంది. సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బార్ కలుపుకోవాలి. అంత డబ్బు పెట్టమంటారా? (భీమవరం నుంచి ఒక హైస్కూల్ మాస్టారు)

జవాబు: 350 రూపాయలదే కొనండి మాస్టారూ. మిగిలిన నాలుగు వేలూ మీ దగ్గరే ఉండనివ్వండి.

ఆ అబ్బాయి చెప్పింది ఒకప్పుడు నిజమే. ఒకరు మేడ మీద యాంటెన్నా తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి "వచ్చింది, వచ్చింది... పోయింది!" అని అరిచిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. అప్పట్లో వైరులో వెళ్లే కరెంటు అలలోనే బొమ్మ ఉండేది. దారిలో ఆ అల నలిగితే బొమ్మా నలిగేది. చుక్కలు, నీడలు, వెలిసిన రంగులు అలా వచ్చినవే. తర్వాత వచ్చిన ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైర్లూ అంతే. మంచి వైరు పెడితే తేడా కంటికి కనిపించేది. ఆ అనుభవం మన ఇళ్లలో ఇంకా ఉంది. దాన్నే ఇప్పటి కేబుళ్లు అమ్మడానికి వాడుకుంటున్నారు.

హెచ్‌డీఎంఐ సంగతి వేరు. సోనీ, ఫిలిప్స్, తోషిబా, హిటాచీ లాంటి ఏడు కంపెనీలు కలిసి 2002 డిసెంబరులో దీన్ని మొదటిసారి విడుదల చేశాయి. అప్పటి నుంచీ ఇందులో వెళ్లేవి అంకెలే. తెర మీద ప్రతి చుక్కకీ ఎంత ఎరుపు, ఎంత పచ్చ, ఎంత నీలం అన్నది అంకెల్లోనే అందుతుంది. మీ ఆధార్ నంబరు ఫోన్లో ఎవరికో చెబుతున్నారనుకోండి. లైన్లో గరగర ఉన్నా అవతలివాళ్లు 12 అంకెలూ సరిగ్గా రాసుకుంటే పని అయిపోయినట్టే. లైను అద్దంలా ఉన్నా వాళ్ల కాగితం మీద పడేది అదే నంబరు. కేబుల్ కూడా అంతే. అంకెలు చెడకుండా చేరితే 350 రూపాయల దాంట్లో వచ్చే ఎరుపు, 4,500 దాంట్లో వచ్చే ఎరుపు ఒక్కటే.

మరి కేబుల్ పనికిరానిదైతే ఏమవుతుంది? తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు చిటపటలాడతాయి. ఒకటి రెండు సెకన్లు తెర నల్లబడి మళ్లీ వస్తుంది. మాట మధ్యలో తెగుతుంది. లేదంటే "నో సిగ్నల్" అని కూర్చుంటుంది. అంతేగానీ రంగులు కాస్త వెలవడం, ముఖాలు కాస్త మసకబారడం కేబుల్ వల్ల జరగవు. తెర మీద మెరుపులు, మాయమవడాలు లేవంటే మీ కేబుల్ తన పని పూర్తిగా చేస్తోందని అర్థం.

కిందటేడు పాడైపోయిన రెండు కేబుళ్లను బ్లేడుతో కోసి చూశాను. ఒకటి చిటికెన వేలంత లావు, పైన నైలాన్ వల అల్లిక, చివర బరువైన లోహపు తల. ఇంకొకటి ఏ హంగూ లేని నల్లది. లావుపాటి దాంట్లో సగం లావు రబ్బరు, అల్లికలదే. అవి తీసేశాక రెండింటిలోనూ అదే కనిపించింది. సన్నని రాగి అల్లిక, దాని కింద వెండిరంగు రేకు, లోపల నాలుగు జతల తీగలు. ఒక్కో జతకీ వేరే రేకు చుట్టి, పక్కనే ఒక బోడి తీగ. అంటే జతకి మూడు చొప్పున 12. పక్కన ఇంకో ఏడు విడి తీగలు. మొత్తం 19, కొసన ఉన్న పిన్నులూ 19. కనిపించిన అసలు తేడా ఒక్కటే, లావుదాంట్లో రాగి తీగ కాస్త మందంగా ఉంది. ఆ మందం సిగ్నల్‌ని ఎక్కువ దూరం మోస్తుంది. టీవీ కింద అరలో ఉన్న బాక్సుకి ఆ దూరంతో పనే లేదు.

ఇక బంగారు పూత. అది తుప్పు పట్టకుండా కాపాడుతుంది, మంచిదే. కానీ ఆ పలుచటి పూత చౌక కేబుళ్ల మీదా ఉంటోంది. దానికోసం వేలు పోయక్కర్లేదు.

లెక్క కూడా చూద్దాం. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మ సెకనుకి 60 సార్లు మారుతూ వెళ్లాలంటే కేబుల్ సెకనుకి సుమారు 4.46 గిగాబిట్ల డేటా మోయాలి. మీ హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సు అంతకు మించి అడగదు. "హై స్పీడ్" అన్న మామూలు కేబుల్ 10.2 గిగాబిట్లు మోస్తుంది. రేపు 4కే ప్లేయరో, 4కే బాక్సో కొంటే సెకనుకి 60 ఫ్రేములకి (బొమ్మలకి) సుమారు 17.8 గిగాబిట్లు కావాలి. అప్పుడు "ప్రీమియం హై స్పీడ్" అని రాసి ఉన్నది తీసుకోండి, 18 గిగాబిట్లకి పరీక్షించినది. ఒకటి రెండు మీటర్ల పొడవుకి అదీ వందల్లోనే వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి. టీవీలోనే ఉన్న యాప్‌లో సినిమా చూస్తే ఆ బొమ్మ హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా రానే రాదు. వైఫై నుంచి నేరుగా టీవీలోకి వస్తుంది. 4కేకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్. మీ ఇంట్లో ఎక్కువ చూసేది యాప్‌లే అయితే ఆ 4,500 కేబుల్ ఆ సమయమంతా ఊరికే వేలాడుతూ ఉంటుంది.

"మరి షోరూమ్‌లో తేడా చూపించారు కదా" అని చాలామంది రాస్తుంటారు. నేనూ ఒకసారి అలా చూసినవాణ్నే. పక్కపక్కనే ఒకే మోడల్ టీవీలు రెండు, ఒకటి "ఖరీదైన కేబుల్", ఒకటి "మామూలు కేబుల్". తేడా భూమికీ ఆకాశానికీ ఉంది. టీవీ వెనక్కి వంగి చూస్తే మామూలు దానికి పెట్టింది ఇందాక చెప్పిన పాత పసుపు పిన్ను వైరు! అది హెచ్‌డీఎంఐ కాదు. అక్కడున్న కుర్రాడికి ఆ సంగతి తెలియదు కూడా, పైవాళ్లు పెట్టించారట. టీవీ మీద మిగిలేది తక్కువ, కేబుల్ మీద మిగిలేది ఎక్కువ, అందుకే బిల్లు అయ్యాక ఈ మాట వస్తుంది. నెల జీతం కూడబెట్టి టీవీ కొన్నవాళ్ల దగ్గర భయపెట్టి ఇలా వేలు గుంజడం నాకు చాలా బాధగా ఉంటుంది.

బొమ్మ బాగుండాలంటే ఖర్చు లేని పనులు మూడు చేయండి. టీవీ "స్టోర్ మోడ్"లో ఉంటే "హోమ్"కి మార్చి, పిక్చర్ మోడ్ "సినిమా" లేదా "ఫిల్మ్‌మేకర్" పెట్టండి. సెట్‌టాప్ బాక్సు సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ 576లో ఉండిపోయిందేమో చూసి 1080కి మార్చండి. మూడోది, మీ ప్యాక్‌లో హెచ్‌డీ ఛానళ్లు ఉన్నాయో లేదో చూసుకోండి. ఈటీవీ, స్టార్ మా, జీ తెలుగు, జెమిని అన్నిటికీ హెచ్‌డీ ఉంది. మామూలు ఛానల్‌ని 55 అంగుళాల మీద చూస్తే ఏ కేబుల్ పెట్టినా మసకే. సౌండ్‌బార్‌ని టీవీ వెనక "ఏఆర్‌సీ" అని రాసున్న పోర్టుకే కలపండి. దానికీ మామూలు హై స్పీడ్ కేబుల్ చాలు.

ప్రశ్న: మా అబ్బాయి ప్లేస్టేషన్ 5తో వచ్చిన కేబుల్ పొట్టిగా ఉందని "8కే, 2.1" అని రాసున్న మూడు మీటర్లది కొన్నాడు. గేమ్ 120 హెర్ట్జ్‌లో (సెకనుకి 120 బొమ్మలు) పెట్టగానే తెర నల్లగా అయి మళ్లీ వస్తోంది. గేమ్ బాక్సే పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది. (విశాఖపట్నం)

జవాబు: ముందు పాత కేబులే పెట్టి చూడండి. డబ్బాలో వచ్చింది అల్ట్రా హై స్పీడ్ కేబుల్. దానితో తెర నల్లబడకపోతే తప్పు కొత్త కేబుల్‌దే, గేమ్ బాక్సుకి ఏమీ కాలేదు.

మాస్టారికి చౌకది కొనమని, మీకు కాస్త పెట్టమని చెప్పడానికి కారణం ఉంది. 4కే 120 హెర్ట్జ్‌కి 18 గిగాబిట్లు చాలవు. దీనికి 48 గిగాబిట్లకి పరీక్షించిన "అల్ట్రా హై స్పీడ్" కేబులే కావాలి. అట్ట మీద "8కే" అని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. "2.1" అన్నదీ నమ్మకానికి గుర్తు కాదు. వెర్షన్ నంబర్లు టీవీలకి, బాక్సులకి సంబంధించినవి. వాటిని కేబుల్ పేరుగా వాడటాన్ని హెచ్‌డీఎంఐ లైసెన్సు సంస్థే ఒప్పుకోదు. మీరు చూడాల్సింది ప్యాకెట్ మీద అంటించిన అల్ట్రా హై స్పీడ్ సర్టిఫికేషన్ లేబుల్. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. హెచ్‌డీఎంఐ కేబుల్ సర్టిఫికేషన్ యాప్‌తో స్కాన్ చేస్తే ఆ కేబుల్ కంపెనీ, మోడల్, పొడవు వస్తాయి. చేతిలో ఉన్నదానితో అవి కలవాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా, మీ ఊళ్లో అయినా డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే స్కాన్ చేయండి, నిమిషం పట్టదు. ఈ లేబుల్ ఉన్నదానికి వెయ్యి, పదిహేను వందలు పెట్టినా తప్పు లేదు.

టీవీ వైపు కూడా చూడండి. చాలా టీవీల్లో అన్ని పోర్టులూ 120 హెర్ట్జ్ తీసుకోవు, ఒకటో రెండో తీసుకుంటాయి. సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకి ఎక్కువ వేగం ఆన్ చేయాలి. శాంసంగ్‌లో "ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్", ఎల్‌జీలో "డీప్ కలర్", సోనీలో "ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్" అన్న పేర్లతో ఉంటుంది. మీది సముద్రపు గాలి కాబట్టి వాడని పోర్టుల్లోనూ, కేబుల్ కొసల్లోనూ ఉప్పు తేమ చేరుతుంది. బంగారు పూత నిజంగా పనికొచ్చేది అలాంటి చోటే.

ప్రశ్న: ఇల్లు కట్టుకుంటున్నాం. హాల్లో ప్రొజెక్టర్ పెట్టాలని మా ఆయన కోరిక. గోడలోంచి 12 మీటర్లు కేబుల్ వెళ్లాలి. ఎలక్ట్రీషియన్ ఇప్పుడే కేబుల్ వేసి ప్లాస్టరింగ్ చేసేద్దాం అంటున్నాడు. (నల్గొండ)

జవాబు: వద్దమ్మా, ప్లాస్టరింగ్ ఆపించండి. కేబుల్‌ని నేరుగా గోడలో పూడ్చకండి. మా తమ్ముడి ఇంట్లో అలాగే చేశారు. రెండేళ్లకి కొత్త ప్రొజెక్టర్ కొంటే పాత కేబుల్ 4కే మోయలేకపోయింది. మార్చడానికి గోడ పగలగొట్టాల్సి వచ్చింది. సన్నటి కరెంటు పైపులో వేసినా ఇబ్బందే, హెచ్‌డీఎంఐ తల వంపు దగ్గర ఇరుక్కుంటుంది. ఒకటిన్నర అంగుళాల పైపు వేయించండి. వంపులు నిదానంగా తిరగాలి. లోపల ఒక నైలాన్ తాడు వదిలేయమనండి. కేబుల్ ఏదైనా ఎప్పుడైనా దాంతో లాగుకోవచ్చు.

12 మీటర్లకి మామూలు రాగి కేబుల్‌ని నమ్మలేం. అంత దూరంలో 4కే 60 హెర్ట్జ్‌కి మెరుపు చుక్కలు మొదలవుతాయి. మీకు కావాల్సింది ఆప్టికల్ హెచ్‌డీఎంఐ. అందులో సిగ్నల్ వెలుగుగా మారి గాజు పోగులో వెళ్తుంది. ఖరీదు వేలల్లో ఉన్నా మీ విషయంలో ఆ డబ్బుకి అర్థం ఉంది. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఆ కేబుల్‌కి దిక్కు ఉంటుంది. ఒక కొస మీద "సోర్స్", రెండో కొస మీద "డిస్‌ప్లే" అని ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు. పైపులోకి పంపే ముందు నేల మీదే రెండు వైపులా కలిపి ఒక గంట నడిపి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ నుంచి వస్తోంది. అక్కడి నుంచి మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ తెమ్మందామా? (తెనాలి)

జవాబు: అక్కర్లేదండీ. కరెంటు ప్లగ్గులా దేశానికో రకం ఉండదు, అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే. ఆ బరువు పచ్చళ్లు తీసుకెళ్లేటప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: ఇంటి నుంచి పని చేస్తాను. ఫోన్ ఛార్జింగ్ టైప్-సి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని టైప్-సి మానిటర్‌కి కలిపితే తెర రావడం లేదు. రెండు వైపులా సరిగ్గానే పడుతోంది. కేబుల్ మారిస్తే వస్తుందా? (హైదరాబాద్, మియాపూర్)

జవాబు: వస్తుంది, ల్యాప్‌టాప్ పోర్టు కూడా ఒప్పుకుంటే. టైప్-సిలో కొస ఒకటే అయినా లోపల ఉండే తీగలు వేరు. ఫోన్లతో ఇచ్చే ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి కరెంటు తీగలు, 480 మెగాబిట్ల పాత యూఎస్‌బీ తీగలే ఉంటాయి. బొమ్మ మోసే జతలు అసలు వేయరు. కాబట్టి ఆ కేబుల్ పాడైందని కాదు, ఆ పని దానిది కాదు. ఇక్కడ మాత్రం కాస్త ఖరీదు తప్పదు. ప్యాకెట్ మీద వీడియో లేదా డిస్‌ప్లే సపోర్ట్ అని స్పష్టంగా ఉన్నది, లేదంటే థండర్‌బోల్ట్, యూఎస్‌బీ4 కేబుల్ తీసుకోండి. కొనే ముందు ల్యాప్‌టాప్ పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తుగానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తుగానీ ఉందేమో చూడండి. గుర్తు లేకపోతే మోడల్ వివరాల్లో వెతకండి. పోర్టుకే ఆ సామర్థ్యం లేకపోతే ఏ కేబుల్ కొన్నా తెర రాదు, అప్పుడు ల్యాప్‌టాప్‌లోని హెచ్‌డీఎంఐ పోర్టే వాడుకోండి. కొత్త కేబుల్ వచ్చాక పాతదానికి "ఛార్జింగ్" అని రాసి చిన్న కాగితం అంటించండి. లేకపోతే వచ్చే నెలే మళ్లీ దాన్నే మానిటర్‌కి పెట్టి వెతుక్కుంటారు.