అన్నదానం ఇంటికి పన్ను మినహాయింపు: మేనల్లుడికి ఉత్తరం

చిత్తూరు

చిరంజీవి అబ్బోడికి మామయ్య ఆశీస్సులు.

తిరుపతి రుయా ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లకు రోజూ మధ్యాహ్నం అన్నం పెడతావని, మీ తాత ఇంటిని ట్రస్టు పేరున రాయించావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గుండె నిండిపోయింది నాయనా. ఆ వెంటనే, "ముందుగది అంగడికి బాడుగకిస్తే బియ్యం ఖర్చు వస్తుంది, ధర్మసంస్థ కాబట్టి ఇంటిపన్ను ఎటూ ఉండదు" అనింది. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

ట్రస్టు డీడు, పాన్, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నీ ఆడిటరు చూసుకుంటాడు. ట్రస్టుకు 12ఏబీ, 80జీ రిజిస్ట్రేషన్లు వచ్చాయి కదా అని ఇంటిపన్ను పోదు. అవి ఆదాయపు పన్నుకు సంబంధించినవి. ఇంటిపన్ను కార్పొరేషన్‌ది, దానికి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 202వ సెక్షన్ చూడాలి.

ఇక ఆ అంగడి. ఈ తప్పు మనవైపు ఎప్పటినుంచో జరుగుతోంది. పూర్తిగా ధర్మకార్యానికే వాడే భవనానికి, లేదా అందులో అలా వాడే భాగానికి మాత్రమే మినహాయింపు. ఎక్కడ వ్యాపారం జరిగినా, బాడుగ వచ్చినా ఆ భాగానికి వర్తించదు. బాడుగ డబ్బు పైసాతో సహా అన్నదానానికే పెట్టినా అంతే. "దేవుడి సొమ్మే కదా" అనే వాదన అక్కడ నిలవదు. అంగడీ వంటిల్లూ ఒకే అసెస్‌మెంట్ నంబరులో (ఇంటిపన్ను లెక్క నంబరు) ఉంటే, కొలతలకు వచ్చినవాళ్లు షట్టరు చూసి మొత్తం ఇంటిని కమర్షియల్‌గా రాసేస్తారు. అది తెలిసేసరికి ఆరు నెలలకోసారి కట్టాల్సిన పన్ను బాకీలు పేరుకుంటాయి, వాటి మీద నెలకు 2 శాతం వడ్డీ. ఆ బాకీ కట్టేది పప్పు డబ్బుతోనే కదరా!

అంగడి వద్దే వద్దు. తప్పదంటే, మినహాయింపు ఉన్న భాగాన్ని వేరే ఆస్తిగా లెక్కించాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. ప్లానులో రెండు భాగాల చదరపు అడుగులు విడివిడిగా వేయించు. వేరే వాకిలి, వేరే కరెంటు మీటరు పెట్టించి, అంగడికి వేరే అసెస్‌మెంట్ నంబరు అడుగు. భోజనానికి అయిదు రూపాయల టోకెను కూడా పెట్టొద్దు, వ్యాపారమంటారు. హుండీ పెట్టు.

మినహాయింపు అర్జీ కార్పొరేషన్ కమిషనర్ పేరున రాయి. డీడు, రిజిస్ట్రేషన్ కాపీలు, పాత పన్ను రసీదు, ఫోటోలు జతచేసి, రశీదు తీసుకో. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం రోజువారీ పుస్తకం: తేదీ, ఎన్ని విస్తళ్లు, ఎన్ని కిలోల బియ్యం, ఎవరిచ్చారు. 200 మందికి 25 కిలోల బస్తా ఒకటి ఖర్చయితే, ఆ బస్తా బిల్లు అదే పేజీకి అంటించు. తనిఖీకి వచ్చినవాళ్లు వంటపాత్రలనూ ఈ పుస్తకాన్నీ కలిపి చూస్తారు.

"అయిపోయిందిలే" అని నోటిమాట చెబితే నమ్మొద్దు. ఆర్డరు కాగితం చేతికొచ్చేదాకా పన్ను కట్టు. ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాది పన్నంతా కడితే 5 శాతం తగ్గుతుంది. ఆర్డరు వచ్చినా నీళ్ల బిల్లు మాత్రం మానొద్దు.

బాడుగ ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు కదా? ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. మొదటి నెల బియ్యం నేను పంపుతాను, అంగడి మాట మర్చిపో.

మీ మామయ్య