మీటరు తప్పా, పైలట్ తప్పా? ఆ తగువు మీది కాదు

ప్రశ్న: నమస్తే సార్. మాది గుణుపురం దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌లో వెల్డరు, ఏడాదికోసారి వస్తారు. 1978లో బొంబాయి నుంచి దుబాయ్ బయలుదేరి సముద్రంలో పడిపోయిన విమానం వీడియో చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. మీటరు పాడై పైలట్ తికమకపడ్డారట. అలాంటప్పుడు "తప్పు మీటరు చేసినవాళ్లది" అని విమాన కంపెనీ చేతులు దులుపుకుంటుందని మా మామగారి వాదన. నిజమేనా? కేసు వేయాలంటే బొంబాయో అమెరికాయో పోవాలా?

జవాబు: అమ్మా, మీ మామగారిది ఉత్త అనుమానం కాదు, ఆ గొడవ నిజంగానే జరిగింది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి శాంతాక్రజ్ ఎయిర్‌పోర్టు నుంచి లేచిన ఎయిరిండియా బోయింగ్ 747 కాస్త కుడికి తిరిగి, సర్దుకుని సముద్రం మీదికొచ్చింది. విమానం సర్దుకుంది గానీ, అది ఎటు ఒరిగిందో చూపించే మీటరు కెప్టెన్ ముందు మాత్రం కుడికి ఒరిగినట్టే చూపిస్తూ ఉండిపోయింది. బయట చీకటి, కింద నల్లటి నీళ్లు, ఎక్కడ ఆకాశమో ఎక్కడ సముద్రమో తెలియని చోట మన ఒంటికి తెలిసే ఒరుగుడు కూడా నమ్మదగ్గది కాదు. ఆయన సరిచేస్తున్నాననుకుని ఎడమకు తిప్పుతూనే పోయారు. కో-పైలట్ ముందు ఒకటి, మధ్యలో ఒకటి, వేరే మీటర్లు ఉన్నాయి, ఫ్లైట్ ఇంజినీరు హెచ్చరించారు కూడా, కానీ టైం లేదు. లేచిన రెండు నిమిషాల్లోపే బాంద్రా ఎదురుగా పడిపోయింది, 213 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

తర్వాత కొన్ని కుటుంబాల తరఫున అమెరికాలో విమానం తయారుచేసిన బోయింగ్ మీదా, మీటరు చేసిన కంపెనీ మీదా దావా నడిచింది. 1985లో అక్కడి ఫెడరల్ జడ్జి నిర్లక్ష్యం వాదనను ఒప్పుకోలేదు, కొట్టేశారు. మీటరు చేసినవాళ్ల వెంట పడితే లోపం ఏమిటో మీరే రుజువు చేయాలి, సముద్రం అడుగునుంచి తీసిన ముక్కలతో అది ఎంత కష్టమో ఆలోచించండి.

ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. దేశాల మధ్య విమాన ప్రయాణాల్లో నష్టపరిహారం గురించిన మాంట్రియల్ ఒప్పందంలో మనదేశం 2009లో చేరింది, యూఏఈ కూడా ఉంది, మన 1972 నాటి వాయు రవాణా చట్టంలో అది మూడో షెడ్యూలు. దాని ప్రకారం విమానంలో ప్రమాదం జరిగి ప్రయాణికుడు చనిపోతే, 2024 డిసెంబర్ 28 నుంచి వచ్చిన పరిమితి 1,51,880 ఎస్‌డీఆర్‌లు (ఐఎంఎఫ్ విలువ కట్టే అంతర్జాతీయ లెక్క యూనిట్లు), అంటే మన డబ్బుల్లో కోటిన్నర పైచిలుకు దాకా, "మా తప్పు లేదు" అన్న మాట చెల్లదు. అది దాటిన నష్టానికి కంపెనీ తప్పించుకోవాలంటే తన నిర్లక్ష్యం లేదనో, పూర్తిగా వేరేవాళ్ల నిర్లక్ష్యమేననో తనే రుజువు చేయాలి. ఆ "పూర్తిగా" దగ్గరే మీ మామగారి వాదన ఆగిపోతుంది. మీటరు బయటివాళ్లదే అనుకుందాం, పైలట్ మాత్రం కంపెనీ మనిషేగా, పక్కన పనిచేసే మీటర్లు ఉండగా ఎందుకు చూడలేదు అన్న ప్రశ్నకు కంపెనీయే జవాబు చెప్పుకోవాలి. వాళ్లకు కావాలంటే మీకు కట్టాక మీటరు కంపెనీ మీద తేల్చుకుంటారు.

అయితే కోటిన్నర చేతిలో పెట్టేస్తారని అనుకోకండి. 2010 మంగళూరు విమాన ప్రమాదం తర్వాత కేరళ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ మొత్తం అందరికీ దానంతటదే రాదు, నష్టం చూపించాలి అంది. అదే ప్రమాదంలో ఒక కుటుంబానికి 2020లో సుప్రీంకోర్టు 7.64 కోట్లు, వడ్డీతో ఇప్పించింది, జీతాన్ని ఉద్యోగమిచ్చిన కంపెనీ ఎన్ని పద్దుల కింద విడగొట్టినా మొత్తం లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది. మనవాళ్లకు దెబ్బ తగిలేది సరిగ్గా ఇక్కడే, బేసిక్ ఒకటి, ఓవర్‌టైం చేతికి నగదు, ఆ నగదుకు కాగితం ఉండదు.

ఎక్కడ వేయాలంటే, వినియోగదారుల చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదీ ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఏ స్థాయి వినియోగదారుల కమిషన్ అన్నది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు కట్టిన డబ్బును బట్టి. టికెట్టు 50 లక్షలు దాటదు కదా, కాబట్టి రాయగడ జిల్లా కమిషన్‌కే రావచ్చు. వారసులకూ ఆ హక్కుంది. "ఆయన నివాసం దుబాయ్, ఇది చిక్కు కేసు, సివిల్ కోర్టుకు పొమ్మనండి" అని అవతలి లాయరు అంటాడు, అననివ్వండి, జవాబులున్నాయి. గడువు మాత్రం గట్టిది: విమానం చేరాల్సిన రోజు నుంచి రెండేళ్లు, దాటితే హక్కే పోతుంది. దర్యాప్తు రిపోర్టు వచ్చాక చూద్దాం అని కూర్చోవద్దు, ఆ దర్యాప్తు మళ్లీ ప్రమాదం జరగకుండా చూడడానికే, ఎవరు డబ్బు కట్టాలో తేల్చడానికి కాదు. అడ్వాన్సుగా ఇచ్చేది తీసుకోవచ్చు, "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసి ఉన్న కాగితం మీద మాత్రం లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి.

టెన్షన్ పక్కన పెట్టి ఈసారి మీ ఆయన వచ్చినప్పుడు ఒక పని చేయించండి. మా దగ్గరికొచ్చే ఫైళ్లలో పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, ఒడియా ఓటరు కార్డు నుంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి స్పెల్లింగే మారిపోతుంది, ఇక తహసీల్దారు ఆఫీసులో వారసుల సర్టిఫికెట్టు ఆగిపోతుంది. ఆయన పాస్‌పోర్టులో భార్య పేరు మీ ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. దుబాయ్ కాంట్రాక్టు, జీతం పడే బ్యాంకు స్టేట్‌మెంట్ మీ ఫోన్‌కు పంపమనండి, ఓవర్‌టైం కూడా వీలైతే బ్యాంకులోనే వేయించుకోమనండి.