అల్లుడికి: ఫార్మాట్ కొట్టించే ముందు యూఎస్‌బీలన్నీ పీకి చూడు

అల్లుడూ,

నీ సెంటర్లో మెయిన్ సిస్టమ్ పొద్దున్నే కంపెనీ లోగో దగ్గరే ఆగిపోతోందని, మెకానిక్ వచ్చి విండోస్ పోయింది ఫార్మాట్ కొట్టాలన్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పుడే ఫార్మాట్ కొట్టించకురా. జనం లైన్లో నిలబడి ఉంటే కంగారు పుడుతుంది నాకు తెలుసు, కానీ ఒక్క పావుగంట నేను చెప్పినట్టు చెయ్యి.

ముందు స్క్రీన్ సరిగ్గా చూడు. లోగో కింద చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయా లేదా? చుక్కలు లేకుండా వట్టి లోగోనే ఉండిపోతే అది ఇంకా బయోస్ (విండోస్ కంటే ముందు సిస్టమ్‌ని లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) దగ్గరే ఉన్నట్టు, విండోస్ మొదలే కాలేదు, అలాంటప్పుడు ఫార్మాట్ కొట్టి ఏం లాభం చెప్పు. చుక్కలు తిరుగుతూ ఆగితే విండోస్ మొదలైంది, చాలాసార్లు ఏదో డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అదీ కాక నల్ల స్క్రీన్ మీద బూటబుల్ డివైస్ లేదనో ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదనో ఇంగ్లీషులో వస్తే చాలాసార్లు అది నీ హార్డ్ డిస్క్ వదిలేసి ఎవరో పెట్టి మర్చిపోయిన పెన్‌డ్రైవ్‌లో విండోస్ కోసం వెతుకుతున్నట్టు. నీ దగ్గరికి ప్రింట్లకని రోజూ ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు తెస్తారో ఆలోచించు.

ఇప్పుడు అసలు పని. సిస్టమ్ ఆఫ్ చెయ్, గోడ దగ్గర స్విచ్ కూడా ఆపెయ్. ఎందుకంటే చాలా మదర్‌బోర్డుల్లో సీపీయూ ఆపినా యూఎస్‌బీ పోర్టులకి 5 వోల్టులు వస్తూనే ఉంటాయి, ఆఫ్‌లో ఉన్న సిస్టమ్ నుంచి ఫోన్ ఛార్జ్ అవుతుంది చూడు, అందుకే అదే. హ్యాంగైన డివైస్ ఆ కరెంటు మీద అలాగే హ్యాంగై ఉంటుంది, ఊరికే రీస్టార్ట్ కొడితే దానికి ఏమీ కాదు. ప్రింటర్, వేలిముద్ర మెషిన్, వెబ్‌క్యామ్, హబ్ (ఒక పోర్టుని నాలుగైదు పోర్టులు చేసేది), ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, వైఫై డాంగిల్ అన్నీ పీకెయ్, కీబోర్డు మౌస్ కూడా. పవర్ బటన్ పదిహేను ఇరవై సెకన్లు నొక్కి పట్టుకుని వదిలి, స్విచ్ వేసి ఆన్ చెయ్. విండోస్ మామూలుగా వచ్చేసిందంటే దొంగ ఆ పీకిన వాటిలోనే ఉన్నాడు.

తర్వాత ఒక్కొక్కటే పెట్టి ప్రతిసారీ పూర్తిగా ఆపి ఆన్ చేసి చూడాలి. ఇక్కడే అందరూ ఓపిక లేక రెండు మూడు కలిపి పెట్టేస్తారు, మళ్ళీ ఏది ఆపిందో తెలీదు. ఇంకొకటి, విండోస్ 10, 11లో షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగదు, ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంటుంది, అది సగం దాచిపెట్టుకుని పడుకుంటుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనే పూర్తిగా ఆగుతుంది, టెస్ట్ చేసేటప్పుడు అలాగే చెయ్.

నా అనుమానం మాత్రం నీ హబ్ మీదే. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంప్స్, నీలం రంగు యూఎస్‌బీ 3 అయితే 900. అడాప్టర్ లేని హబ్‌లో ఎన్ని గుచ్చినా అన్నీ పంచుకునేది ఆ ఒక్క పోర్టు కరెంటే, అందులో తిరిగే హార్డ్ డిస్క్ కూడా ఉంటే మొదలయ్యేటప్పుడు అది ఒక్కటే చాలావరకు లాగేస్తుంది. అడాప్టర్ ఉన్న హబ్ కొనుక్కో, కానీ మరీ చవక రకం వద్దు, కొన్ని హబ్‌లు కరెంటుని వెనక్కి సిస్టమ్‌లోకే తోస్తాయి, సీపీయూ ఆపాక కూడా ఏదో లైటు వెలుగుతూ ఉంటే అదే అని అనుమానపడు. హార్డ్ డిస్క్‌ని హబ్‌లో కాకుండా నేరుగా వెనక పోర్టుకి పెట్టు, ముందు పోర్టులకి లోపల సన్న వైరు వెళ్తుంది, రోజూ తీసి పెట్టి లూజ్ కూడా అయిపోయుంటాయి.

ఫోన్ టార్చి వేసి పోర్టుల్లోపల చూడు. లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగి రాగి పిన్నులు ఒకదానికొకటి గానీ పక్క రేకుకి గానీ తగులుతున్నాయంటే అది షార్టే. కొన్ని బోర్డులు ఓవర్ కరెంట్ అని మెసేజ్ ఇచ్చి 15 సెకన్లలో ఆపేస్తాయి, కొన్ని ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. అలాంటి పోర్టుకి టేపు వేసి వాడటం మానెయ్.

ఏదీ విరగలేదు, పెన్‌డ్రైవ్ ఉన్నప్పుడే ఆగుతోంది అంటే బయోస్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్ (విండోస్ కోసం దేంట్లో ముందు వెతకాలో చెప్పే వరస) లో విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి యూఎస్‌బీని కిందికి తొయ్. బయోస్‌లోకి వెళ్ళడానికి ఆన్ చెయ్యగానే నొక్కాల్సింది డెల్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎఫ్10, చాలా అసెంబుల్డ్ బోర్డులకి డిలీట్ బటన్. కీబోర్డు అక్కడ పనిచెయ్యకపోతే భయపడకు, బయోస్‌లో ఫాస్ట్ బూట్ (త్వరగా ఆన్ అవ్వాలని కొన్ని చెకింగ్‌లు వదిలేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే అలా అవుతుంది, విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ (యూఈఎఫ్ఐ అంటే కొత్త రకం బయోసే) లోంచి వెళ్ళొచ్చు. అక్కడ ఏం మార్చినా ముందు ఫోటో తీసుకో. అంతకంటే ముఖ్యం, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూసి ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకో, బూట్ సెట్టింగులు మారిస్తే అది అడగొచ్చు, కీ లేకపోతే ఫైళ్ళన్నీ ఉన్నా తెరవలేవు.

పక్క టేబుల్ మీది ఉబుంటు (విండోస్ కాదు, లైనక్స్) సిస్టమ్‌కి కూడా ఈ బాధ రావచ్చు, అక్కడ తీరు వేరు. బ్యాకప్ డిస్క్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో (ఆన్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తెరవాలో అందులోనే ఉంటుంది) రాసి, ఆ డిస్క్ లేకుండా ఆన్ చేస్తే ఒకటిన్నర నిమిషం దానికోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడిపోతుంది. ఆ లైన్లో నోఫెయిల్ అని కలిపితే చాలు, డిస్క్ పేరు కూడా ఎస్‌డీబీ అని కాకుండా యూయూఐడీతో (ఆ డిస్క్‌కి మాత్రమే ఉండే సొంత నంబరు) రాయి, పెట్టే వరస మారితే ఆ అక్షరాలు మారిపోతాయి.

అన్నీ పీకేసినా వట్టి లోగో దగ్గరే ఆగిందంటే అప్పుడు గొడవ ర్యామ్‌దో డిస్క్‌దో బోర్డుదో, మెకానిక్‌ని పిలువు, పిలిచే ముందు ఫైళ్ళ బ్యాకప్ సంగతి మాట్లాడు. ఈలోపు చుక్కలు తిరుగుతున్నాయో లేదో, ఏది పెట్టినప్పుడు ఆగిందో రాసి స్క్రీన్ ఫోటోతో సహా నాకు వాట్సాప్ చెయ్, రాత్రి తొమ్మిది తర్వాత ఖాళీగానే ఉంటా.

మీ మామయ్య