నత్తకు పనిచేసిందని మీరు మాత్ర వేసుకుంటే ఎలా?

ప్రశ్న: నా వయసు 58. పదకొండేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. తెలిసినవాళ్ల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చానా అని నిలబడిపోతున్నాను. ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్త సముద్రపు నత్తల మీద చేసిన ప్రయోగాల గురించి ఈమధ్య చదివాను. నాడీకణాల మధ్య సంకేతాలు మోసే సెరటోనిన్ అనే రసాయనం వల్ల వాటిలో జ్ఞాపకం బలపడిందట. సెరటోనిన్ పెంచే ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. మాత్రలు, మా ఆవిడకు డిప్రెషన్‌కు ఎప్పుడో రాసినవి, ఇంట్లో మిగిలి ఉంటే మూడు వారాలుగా వేసుకుంటున్నాను. తేడా ఏమీ కనిపించలేదు. డోసు 20కి పెంచవచ్చా? నత్తలో జరిగినట్టే మనిషి మెదడులోనూ జరుగుతుందా? (నిద్ర పట్టకపోతే అప్పుడప్పుడు ఆల్ప్రజోలమ్ 0.5, మోకాలి నొప్పికి ట్రమడాల్ వేసుకుంటాను.)

జవాబు: నన్ను భయపెట్టిన సంగతంతా మీరు బ్రాకెట్లో పెట్టారు. ముందు అది చూద్దాం, నత్త సంగతి తర్వాత.

డోసు పెంచకండి. ఎస్సిటాలోప్రామ్, ట్రమడాల్ కలిపి వేసుకోవడం మంచిది కాదు. ట్రమడాల్ కూడా సెరటోనిన్‌ను పెంచుతుంది. రెండూ కలిసినప్పుడు కొందరిలో అది హద్దు దాటి చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, విరేచనాలు, జ్వరం, కంగారు, కాళ్లు బిగుసుకుపోవడం వస్తాయి. ఫిట్స్ వచ్చే ప్రమాదం కూడా పెరుగుతుంది. అందరికీ ఇలా అవుతుందని అనను, మీకు మూడు వారాలుగా ఏమీ కాకపోయి ఉండవచ్చు. అయినా ట్రమడాల్ జోలికి వెళ్లకుండా రెండు మూడు రోజుల్లోపు దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. ఒకవేళ ట్రమడాల్ రోజూ వాడే అలవాటు ఉంటే అదీ ఆయనకు చెప్పండి, మానేసే పద్ధతి వేరే ఉంటుంది. పైన చెప్పిన లక్షణాల్లో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆల్ప్రజోలమ్. మతిమరుపుకు మందు వెతుకుతూ మతిమరుపు తెచ్చే మందే వేసుకుంటున్నారు. ఈ జాతి మాత్రలు కొత్త విషయం మెదడులో నాటుకోకుండా అడ్డుపడతాయి. రాత్రి మాత్ర వేసుకున్నాక ఫోన్లో మాట్లాడింది పొద్దున గుర్తుండదని చెప్పేవాళ్లను వారానికి ఇద్దరినైనా చూస్తుంటాను. పైగా మీరు ‘అప్పుడప్పుడు’ అన్నారు. నెలకు రెండుసార్లా, వారానికి అయిదుసార్లా? గదిలో కూర్చుని మెల్లగా అడిగితే చాలామంది ‘అప్పుడప్పుడు’ కాస్తా ‘రోజూ’ అవుతుంది. మీదీ అదే అయితే ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వాడే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలి.

మొన్న ఒక పెద్దాయన క్యారీబ్యాగు తెచ్చి నా టేబుల్ మీద కుమ్మరించారు. అన్నీ కత్తెరతో కోసిన స్ట్రిప్పు ముక్కలే. పేరున్న ముక్క మీద తేదీ లేదు, తేదీ ఉన్న ముక్క మీద పేరు లేదు. ఒక రకం ఆయనకు రాసింది, ఒకటి కోడలిది, ఇంకొకటి ‘పక్కింటాయనకు బాగా పనిచేసిందట’. మీ ఇంట్లో ఆ ఎస్సిటాలోప్రామ్ ఎన్నాళ్ల నాటిదో చూశారా? అయినా మాత్ర మీ ఆవిడకు రాశారంటే ఆమె వయసు, ఆమె దిగులు, ఆమె వాడే మిగతా మందులు అన్నీ చూసి రాసి ఉంటారు. అది మిగిలింది కదా అని తీసుకోవడానికి పండగ పిండివంట కాదు కదండీ.

ఇప్పుడు నత్త. మీరు చదివింది తప్పు కాదు. కాండెల్ కూడా మానసిక వైద్యం చదివిన డాక్టరే. ఈ పనికే 2000లో నోబెల్ బహుమతి మరో ఇద్దరితో కలిసి అందుకున్నారు. ఆయన ఎంచుకున్న అప్లీసియా కాలిఫోర్నియా తీరంలో నాచు తిని బతికే ప్రాణి. తల మీద చెవుల్లాంటివి ఉంటాయని సముద్రపు కుందేలు అంటారు. మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే దీనికి ఉన్నవి దాదాపు 20,000. వాటిలో కొన్ని ఎంత పెద్దవంటే భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. ఏ కణం ఏ కణంతో మాట్లాడుతోందో ఒక్కొక్కటిగా పట్టుకోవచ్చని దీన్ని తీసుకున్నారు.

ప్రయోగం చూడటానికి చాలా చిన్నది. నత్తకు నీళ్లు బయటికి వదిలే గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని మెల్లగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్లీ మళ్లీ తాకుతూ ఉంటే పట్టించుకోవడం తగ్గిస్తుంది (రోజూ ఒకే మాట పదిసార్లు చెబితే ఇంట్లో మనమూ అంతేగా). అప్పుడు తోకకు కరెంటు షాక్ ఇస్తారు. ఆ తర్వాత గొట్టాన్ని కాస్త తాకినా చాలు, మొప్ప గట్టిగా ముడుచుకుంటుంది. ఒక షాక్ ఇస్తే ఆ బెదురు కొన్ని నిమిషాలు ఉంటుంది. విడతలు విడతలుగా కొన్ని రోజులు ఇస్తే వారాల తరబడి ఉంటుంది.

లోపల జరిగేది ఇదీ. తోకకు షాక్ తగలగానే మధ్యలో ఉండే కొన్ని కణాలు, స్పర్శను మోసే కణం కొస దగ్గర సెరటోనిన్ వదులుతాయి. దాంతో ఆ కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగి ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్‌ను లేపుతుంది. అది పొటాషియం బయటికి పోయే దారులు కొన్ని మూయిస్తుంది. సంకేతం ఇంకాస్త సేపు నిలబడుతుంది, కాల్షియం ఎక్కువగా లోపలికి వస్తుంది, పక్క కణానికి అందే గ్లుటమేట్ అనే సంకేత రసాయనం పెరుగుతుంది. తాత్కాలిక జ్ఞాపకమంటే ఇంతే. పాత్రలో పెంచిన కణాల మీద సెరటోనిన్ ఒక్కసారి చల్లితే ఈ బలం నిమిషాల్లో పోయింది. మధ్యమధ్య విరామమిచ్చి అయిదుసార్లు చల్లితే రోజుకు పైగా నిలిచింది. అప్పుడా ఎంజైమ్ కణకేంద్రకం దాకా వెళ్లి క్రెబ్ అనే ప్రోటీన్ ద్వారా జన్యువులను ఆన్ చేస్తుంది, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, కణాల మధ్య కొత్త కలయికలు మొలుస్తాయి. నత్తల్లో అవి రెట్టింపు దాకా పెరిగినట్టు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో లెక్కపెట్టి చూశారు. ప్రోటీన్ తయారీని మందుతో ఆపేస్తే తాత్కాలిక జ్ఞాపకం అలాగే ఉంది, దీర్ఘకాలికం మాత్రం ఏర్పడలేదు. నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చేది ఈ చివరి ముక్కే.

మరి మీరు పొరబడింది ఎక్కడ? అక్కడ సెరటోనిన్ వచ్చింది ఒక ఘటన జరిగిన క్షణంలో, ఆ ఒక్క కలయిక దగ్గర. మీ మాత్ర చేసేది అది కాదు, ఏ సంఘటనతోనూ పనిలేకుండా మెదడంతటా రోజంతా పనిచేస్తుంది. ఒక మొక్క పాదులో చెంబెడు నీళ్లు పోయడం వేరు, చేను మొత్తం ముంచడం వేరు. ఇంకొకటి, ఆ నత్త నేర్చుకున్నది బెదరడం. మీకు కావలసింది ఎదురింటాయన పేరు. పేర్లూ సంఘటనలూ నిలవాలంటే మనకు హిప్పోక్యాంపస్ అనే భాగం కావాలి, నత్తకు అదే లేదు. సైక్లిక్ ఏఎంపీ, క్రెబ్ లాంటి పనిముట్లు మనలోనూ ఉన్నాయి, కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు ‘కొంతవరకు అవును’. అంతమాత్రాన ఎస్సిటాలోప్రామ్ మతిమరుపు మందు కాదు. డిప్రెషన్ వల్ల మతిమరుపు వచ్చినవాళ్లకు డిప్రెషన్ తగ్గితే జ్ఞాపకం మెరుగుపడవచ్చు. మీకు దిగులు, ఆసక్తి లేకపోవడం ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే డాక్టరుకు దాచకండి.

ఒకటి మీకు తెలిసి ఉండాలి. వయసు పైబడినవాళ్లలో ఈ మాత్ర ఒక్కోసారి రక్తంలో సోడియం తగ్గిస్తుంది. సోడియం తగ్గితే మతిమరుపు, తికమక ఇంకా పెరుగుతాయి. బీపీకి నీరు మాత్ర కూడా వాడుతుంటే మరీ జాగ్రత్త.

నా అనుమానం అసలు వేరే చోట ఉంది. పదకొండేళ్ల మెట్‌ఫార్మిన్. అది ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది, గ్యాస్ మాత్ర కూడా రోజూ వేసుకుంటే ఇంకా తగ్గవచ్చు. బీ12 లోపంలో మతిమరుపుతో పాటు అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉండవచ్చు. వాటిని షుగర్ ఖాతాలో రాసేసి ఊరుకుంటాం, డాక్టర్లం కూడా. మీకు ఈ పరీక్ష ఎప్పుడైనా చేశారా? బీ12, థైరాయిడ్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూడు నెలల షుగర్ సగటు చేయించండి. షుగర్‌కు వేరే మాత్ర ఏదైనా వాడుతుంటే రాత్రిపూట షుగర్ పడిపోతోందేమో చూడాలి. గురక ఎక్కువగా ఉందా అని మీ ఆవిడను అడగండి, మిమ్మల్ని కాదు. అలాగని మెట్‌ఫార్మిన్ సొంతంగా ఆపేయకండి, అది ఇంకో తలనొప్పి.

పేరు గుర్తురాక, కాసేపటికి తట్టడం ఈ వయసులో చాలామందికి మామూలే. తెలిసిన దారిలో తప్పిపోవడం, డబ్బు లెక్క తరచూ తప్పడం, అడిగిందే పావుగంటలో మళ్లీ అడగడం ఉంటే న్యూరాలజిస్టును కలవండి. మాట తడబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం అకస్మాత్తుగా వస్తే వెంటనే ఎమర్జెన్సీకి. ఈమధ్య కిందపడి తలకు దెబ్బ తగిలితే అది చిన్నదైనా డాక్టరుకు చెప్పాలి. మిమ్మల్ని చూడకుండా రాస్తున్న సలహా ఇది, పరీక్ష చేసిన డాక్టరు వేరేలా చెబితే ఆయన మాటే వినండి.

వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, కోసిన ముక్కలతో సహా, ఒక కవర్లో వేసి పట్టుకెళ్లండి. మీ ఆవిడను తోడు తీసుకెళ్లండి. ‘అప్పుడప్పుడు’ అంటే ఎన్నిసార్లో ఆమె చెబుతారు.