పగలంతా డైట్, రాత్రి పదింటికి ఫ్రిజ్ దగ్గర: దీన్ని ఎక్కణ్ణుంచి సరిచేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. ఏడాదిగా అన్నం మానేశారు. పొద్దున గ్రీన్ టీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, సాయంత్రం ఒక ఆపిల్. పిల్లలు పడుకున్నాక మాత్రం చేతికి ఏది దొరికితే అది, కడుపు నొప్పి పుట్టేదాకా తింటున్నారు. మర్నాడు బాధ, మళ్ళీ గ్రీన్ టీ. మనసును ఎలా అదుపు చేసుకోవాలి, ఫ్రిజ్‌కి తాళం వేయమని మా ఆయనకి చెప్పనా అని అడిగారు.

మనసు సంగతి తర్వాత చూద్దాం. ముందు లెక్క చూడండి. చిన్న పుల్కా ఒకటి 80 నుంచి 100 కేలరీలు, రెండిటికీ 200 అనుకుందాం. చెంచా నూనెతో చేసిన కూర ఇంకో వంద, ఆపిల్ ఎనభై. రాత్రి ఎనిమిదింటికి మీ ఒంట్లో పడింది నాలుగు వందలు దాటలేదు. ఇల్లూ ఉద్యోగమూ చూసుకునే మనిషికి రోజుకు 1,800, 2,000 దాకా కావాలి. మిగతా బాకీని శరీరం మాఫీ చేయదు, పనులన్నీ తీరి మీరు కాస్త కూర్చోగానే వసూలుకి దిగుతుంది. దానికి మీరు బలహీనత అని పేరు పెట్టుకున్నారు.

ఇది మీ ఒక్కరి సమస్య కాదనడానికి పాత ప్రయోగం ఒకటుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకి ఆరు నెలల పాటు రోజుకు సగటున 1,570 కేలరీలే పెట్టాడు. అంతకుముందు తినేదాంట్లో అది సుమారు సగం. యుద్ధంలో మాడిపోయినవాళ్ళకి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆ కుర్రాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగు చేశారు, కంచాలు నాకారు, చిన్న భోజనాన్ని గంటలు సాగదీశారు. ఆంక్షలు తీసేశాక కొందరు కడుపు పట్టనంత తిని కూడా ఇంకా ఆకలే అన్నారు. ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే డైట్ చార్టుల్లో 1,200 అని రాసి ఉంటుంది!

కాబట్టి మొదటి పని రాత్రిది కాదు, పగటిది. మూడు వారాల పాటు రాత్రి తిండి గురించి ఏమీ ప్రయత్నించకండి. పగలు మాత్రం టైముకి తినండి. లేచిన గంటన్నరలోపు టిఫిను, ఒంటిగంటకి భోజనం, ఐదింటికి ఏదో ఒకటి, ఎనిమిదింటికి రాత్రి భోజనం. రెండిటి మధ్య నాలుగైదు గంటలకి మించి ఎడం వద్దు. ఆకలి వేసినా వేయకపోయినా ఈ టైములే. ఏడాది పాటు నొక్కిపెట్టిన ఆకలి మొదట్లో సరైన సమయానికి చెప్పదు, అందుకే గడియారం చూసి తినమంటున్నాను.

ఎంత తినాలి? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకి చెప్పిన కొలతలు ఇవి: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసం 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు బాదంలాంటి గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు. ఆ 250లో ఇడ్లీ, దోసె, చపాతీ, అన్నం అన్నీ వస్తాయి. 75 గ్రాముల బియ్యం వండితే సుమారు 200 గ్రాముల అన్నం అవుతుంది. ఒక పూటకి అంత అన్నం తినడం ఎవరికీ నేరం కాదు. అలాగని త్రాసు కొని రోజూ తూచుకోవద్దు. అది ఇంకో రకం డైట్ అవుతుంది. కంటికి అలవాటయ్యేదాకా ఒకటి రెండుసార్లు కొలిచి చూస్తే చాలు.

వంటింటి భాషలో చెప్పాలంటే, పొద్దున మూడు ఇడ్లీలు, కప్పు సాంబారు, చట్నీ. లేదా రెండు పెసరట్లు. ఉప్మా ఒక్కటే తింటే పదకొండింటికే నీరసం వస్తుంది, అందులో మాంసకృత్తులు తక్కువ. పక్కన ఒక గుడ్డో, గ్లాసు పాలో, ఉప్మాలోనే గుప్పెడు పల్లీలో ఉండాలి. మధ్యాహ్నం అన్నంతో పాటు గట్టి పప్పు చిన్న గిన్నెడు, కూర అంతకు రెట్టింపు, పెరుగు ఒక గిన్నె. పప్పు నీళ్ళలా ఉంటే లెక్కలోకి రాదు. ముప్పై గ్రాముల కందిపప్పు ఉడికిస్తే ఆరేడు గ్రాముల మాంసకృత్తులు, ఒక గుడ్డులో ఆరు. చారులో పప్పు తేట కలిసినంత మాత్రాన పప్పు తిన్నట్టు కాదు.

అన్నిట్లోకీ ముఖ్యం ఐదింటి తిండి. చాలామంది దీన్నే కొట్టేసి కాఫీతో సరిపెడతారు. కాఫీ కాసేపు ఆకలిని కప్పుతుంది, తీర్చదు. శనగ గుగ్గిళ్ళు ఒక కప్పు, లేదా మరమరాల్లో పల్లీలు, ఉల్లిపాయ కలిపి, లేదా అరటిపండు, పాలు. కాఫీ తాగండి, కానీ వీటితో పాటు. ఈ ఒక్కటి సర్దుకుంటేనే రాత్రి పదింటి ఉధృతి చాలామందిలో తగ్గడం చూశాను.

మొదటి వారం ఎక్కడ తేడా కొడుతుందో ముందే చెబుతాను. రాత్రి బాగా తిన్నందువల్ల పొద్దున ఆకలి వేయదు, టిఫిను చూస్తేనే వెగటు. అప్పుడు ఒక ఇడ్లీ లేదా పాలు, అరటిపండుతో మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో పెంచండి. రెండోది బరువు. అన్నం మళ్ళీ మొదలుపెట్టగానే కిలో, రెండు కిలోలు పెరగొచ్చు. ఒంట్లో పిండిపదార్థం నిల్వ ఉండే ప్రతి గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీరు చేరుతుంది. డైట్ మొదటి వారంలో "తగ్గింది" అని సంబరపడేదీ చాలావరకు ఆ నీరే. కొన్నేళ్ళ కింద ఊరూరా నడిచిన, అన్నం మానిపించే కొబ్బరినూనె డైట్‌లో మొదటి వారమే అంత గొప్పగా కనిపించింది కూడా చాలామటుకు ఇందుకే. కాబట్టి బరువు మిషన్‌ని ఆరు వారాలు అటక మీద పెట్టేయండి. దిగువ షెల్ఫ్‌లో పెడితే ఎక్కుతారు.

షుగరుకి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు పూట మానితే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది. వాళ్ళు ఈ మార్పులన్నీ డాక్టరుకి చెప్పే చేయాలి.

ఇక తప్పనిసరిగా పాటించాల్సిన నియమం ఒకటుంది. రాత్రి ఎంత తిన్నా, మర్నాడు టిఫిను మామూలు టైముకి, మామూలు కొలతలో. పస్తు వద్దు, గ్రీన్ టీ శిక్ష వద్దు, రెండు గంటల నడక వద్దు. "లంఖణం పరమౌషధం" అన్న మాటని మన ఇళ్ళలో ఇలాంటి చోటే తెచ్చి పెడతారు. అజీర్తికి ఒక పూట ఆగడం వేరు, తిన్నందుకు పరిహారంగా మాడడం వేరు. ఆ మాడడమే మరుసటి రాత్రికి పునాది. శనివారం ఒక్కపొద్దు, కార్తీక నక్తాల విషయంలోనూ ఒక పరీక్ష పెట్టుకోండి: దీనివల్ల ఒక్క గ్రాము కూడా తగ్గనని తెలిసినా ఉంటానా? ఉంటాననిపిస్తే అది భక్తి. లేకపోతే పేరు మార్చుకున్న డైట్. కొన్ని నెలలు పక్కన పెట్టండి, దేవుడికేం కోపం రాదు.

పగటి తిండి నిలకడపడ్డాక, అంటే ముందు కాదు, నిషిద్ధ పదార్థాల సంగతి చూడండి. మీకు భయం పుట్టించేవన్నీ కాగితం మీద రాయండి. తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా. అందరి జాబితా ఒకేలా ఉండదు. ఒకరికి నెయ్యి వేసిన ఆవకాయ అన్నం, ఇంకొకరికి మైసూర్‌పాక్, మరొకరికి బేకరీ పఫ్. అన్నిటికన్నా తక్కువ భయం పుట్టించేది ఒక్కటే తీసుకుని వారంలో మూడు నాలుగుసార్లు తినండి. ఆకలితో నకనకలాడుతున్నప్పుడు కాదు, భోజనంతో లేదా భోజనమయ్యాక. ప్యాకెట్ నుంచి కాదు, గిన్నెలో పోసుకుని. నిలబడి కాదు, కూర్చుని, ఫోన్ పక్కన పెట్టి. ఇంట్లో ఎప్పుడూ ఉండనివ్వండి. మిక్చర్ రేపూ దొరుకుతుందని ఒంటికి నమ్మకం కుదిరితే ఇవాళే ఖాళీ చేయాలన్న తొందర తగ్గుతుంది. మొదటి రెండు మూడుసార్లు ఎక్కువే తింటారు, అక్కడే చాలామంది భయపడి ఆపేస్తారు. అదే పదార్థం మళ్ళీ మళ్ళీ దొరికితే మోజు పలచబడుతుంది. ప్యాకెట్ మెత్తబడేదాకా అలమరలో మర్చిపోయిన రోజు, జాబితాలో రెండోదానికి వెళ్ళండి. మీకు షుగర్ ఉంటే మాత్రం తీపి పదార్థాలతో ఈ పని సొంతంగా మొదలుపెట్టొద్దు.

ఇక్కడ రెండు పక్కదార్లు ఉన్నాయి. ఒకటి ఆదివారం "చీట్ డే". వారమంతా నిషేధించి ఒక రోజు తలుపులు తెరిస్తే బిర్యానీకి ఇంకా పెద్దపీట వేసినట్టే. రెండోది ప్రత్యామ్నాయాలు. మైసూర్‌పాక్ తినాలనిపించినప్పుడు ఖర్జూరం లడ్డూ నాలుగు తిని, ఆ తర్వాత మైసూర్‌పాక్ కూడా తింటారు. మొదటే ఒక ముక్క తింటే పోయేది. బెల్లంతో చేసింది కాబట్టి పర్వాలేదనుకోవడమూ అంతే, కేలరీల లెక్కలో బెల్లానికీ పంచదారకీ పెద్ద తేడా లేదు.

కడుపు నిండిన సంగతి తెలియడం గురించి. మన భోజనంలో ఒక చిక్కుంది: పప్పు, కూర, పులుసు, పెరుగు అనే వరస. పులుసు దగ్గరే కడుపు నిండినా పెరుగన్నం తినకపోతే భోజనమైనట్టుండదు. అందుకని చివర మారు వడ్డించుకుంటారు. మొదటే అన్నాన్ని కంచంలో మూడు భాగాలు చేసి, పెరుగు వాటా పక్కన పెట్టేయండి. నాలుగు ముద్దలే అయినా ఆ వాటాని పప్పులోకి లాక్కోవద్దు.

ఇంట్లో అందరికీ పెట్టి, రాత్రి తొమ్మిదిన్నరకి ఆఖర్న తినే ఆడవాళ్ళకి ఈ కొలతలేవీ పనిచేయవు. అప్పటికే రుచి చూస్తూ, గరిటె నాకుతూ, పిల్లలు వదిలేసినవి "పారేయలేక" తింటూ అరభోజనం అయిపోయి ఉంటుంది, అయినా తిన్నట్టు అనిపించదు. పిల్లలతో పాటే కూర్చుని తినండి. వాళ్ళకి సగం పెట్టి అడిగితే మళ్ళీ పెట్టండి, కంచంలో మిగలదు. మీ ప్రశ్నలో రాయలేదు గానీ ఇది మీ ఇంట్లోనూ ఉంటుందని అనుమానం.

చుట్టాలిళ్ళలో కొసరి కొసరి వడ్డిస్తారు. "వద్దు" అంటే మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు. "ఇప్పటికి చాలత్తయ్యా, పెరుగులోకి నేనే అడుగుతాను" అంటే ఆగుతారు. "లావయ్యావేంటే" అన్నవాళ్ళకి జవాబు అక్కర్లేదు, మాట మార్చండి. అయితే మీ పిల్లల ముందు మీ ఒళ్ళు గురించి మీరే ఆ మాట అనడం ఇవాళే మానండి.

ఇవన్నీ సర్దుకున్నాక కూడా కొన్ని రాత్రులు తినాలనిపిస్తుంది. పిల్లలు పడుకున్నాక దొరికే ఆ గంటే రోజంతటిలో మీ సొంతం, దాన్ని నింపడానికి తిండి ఒక్కటే అందుబాటులో ఉంది. తిండిని లాక్కోకుండా ఇంకోటి చేర్చండి. స్నానం, అక్కతో ఫోను, పది నిమిషాలు మేడ మీద. ఆ తర్వాత కూడా తినాలనిపిస్తే తినండి.

కొన్ని లక్షణాలు ఉంటే పై సలహాలతో కాలక్షేపం చేయొద్దు. తక్కువ సమయంలో చాలా ఎక్కువ తినడం, ఆపుకోలేకపోవడం వారానికి ఒక్కసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే సైకియాట్రిస్టులు దాన్ని చికిత్స అవసరమైన జబ్బుగానే చూస్తారు. తిన్నది కక్కేయడం, సునాముఖి లాంటి విరేచనాల మందులు వాడడం, నెలసరి ఆగిపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే ఇంకా తొందరగా వెళ్ళాలి. తరచూ వాంతి చేసుకుంటే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె కొట్టుకునే తీరు దెబ్బతింటుంది. మీరు రాసినదాన్ని బట్టి మొదటి లక్షణం మీకు ఉండే అవకాశం ఉంది, ఒకసారి చూపించుకోండి. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇది బరువు తగ్గించే పద్ధతి కాదని కూడా చెప్పాలి. కొందరికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉంటుంది, కొందరికి కాస్త పెరుగుతుంది. తగ్గడమే కావాలంటే ఆ ప్రయత్నం రాత్రి తిండి సద్దుమణిగిన కొన్ని నెలల తర్వాత పెట్టుకోండి.

ఫ్రిజ్ తాళం వద్దు. తాళం చెవి మీ ఆయన దగ్గరుంటే ఆయన కాపలాదారవుతారు, మీరు దొంగతనంగా తినడం నేర్చుకుంటారు, స్విగ్గీకి తాళం ఎలాగూ లేదు. ఆయన్ని అడగాల్సింది ఐదింటికి "ఏమైనా తిన్నావా" అని ఒక ఫోను చేయమని. ఇవాళ రాత్రి పదింటికి మళ్ళీ ఆకలేస్తే ఒక గిన్నెలో పెరుగన్నం కలుపుకుని, నంజుకోడానికి ఆవకాయ ముక్క వేసుకుని, లైటు వేసి, బల్ల దగ్గర కూర్చుని తినండి. రేపు ఎనిమిదింటికి ఇడ్లీ.